బ్లీడింగ్ ఉందా అని అడిగితే లేదంది

ఆమెకు 28 ఏళ్లు. హైదరాబాద్ రామంతాపూర్‌లో ఇల్లు, ఉప్పల్‌లో ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తుంది. రెండోసారి గర్భం. మొదటి బాబుకు నాలుగేళ్లు, నార్మల్ డెలివరీ, అప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు. బీపీ, షుగర్ లేవు, థైరాయిడ్ మామూలుగానే ఉంది, హిమోగ్లోబిన్ 10.4. బ్లడ్ గ్రూప్ ఓ నెగటివ్, భర్తది బి పాజిటివ్, బాబుది పాజిటివ్. బాబు పుట్టిన మర్నాడే యాంటీ-డి, అంటే నెగటివ్ గ్రూప్ తల్లికి తర్వాతి బిడ్డ రక్షణ కోసం వేసే ఇంజక్షన్, ఇచ్చినట్టు పాత డిశ్చార్జి కాగితంలో ఉంది. ఆ కాగితాన్ని నాలుగేళ్లు ప్లాస్టిక్ కవర్లో భద్రంగా దాచి తెచ్చింది, అందుకు ఆమెను ఆ రోజే మెచ్చుకున్నాను, ఎందుకో తర్వాత చెప్తాను. నేను ఆమెను చూసిన డాక్టరును, కొన్ని వివరాలు మార్చి, ఆమె సరేనన్నాకే ఇది రాస్తున్నాను.

నెల తప్పిందని, ఇంట్లో స్ట్రిప్ మీద రెండు గీతలు వచ్చాయని ఒక శుక్రవారం వచ్చింది. డేట్ ప్రకారం ఆరు వారాల ఐదు రోజులు. లోపలి స్కాన్ చేస్తే గర్భసంచిలో శాక్, అంటే పిండం పెరిగే నీటి తిత్తి, కనబడింది, 11 మిల్లీమీటర్లు. అందులో యోక్ శాక్, అంటే చిన్న ఉంగరంలా కనబడే సంచి, ఉంది. పిండం కనబడలేదు. ఆమె మొహం వెంటనే మారిపోయింది, మొదటిసారి ఇదే సమయానికి గుండె కొట్టుకోవడం చూపించారట.

నెలసరి ఎన్ని రోజులకు వస్తుందమ్మా అని అడిగాను. 35 రోజులకట. మన వారాల లెక్క అంతా 28 రోజులకోసారి నెలసరి వచ్చేవాళ్లను బట్టి వేసింది. 35 రోజులకు వచ్చేవాళ్లకు అండం వారం ఆలస్యంగా విడుదలవుతుంది, కాబట్టి కాగితం మీద ఆరు వారాల ఐదు రోజులంటే లోపల నిజంగా ఐదు వారాల ఐదు రోజులే. ఆ వయసుకు 11 మిల్లీమీటర్ల శాక్, యోక్ శాక్ సరిగ్గానే ఉన్నట్టు లెక్క. పిండం కనబడకపోవడంలో భయపడాల్సింది ఏమీ లేదు.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే తొందరపాటు జరిగేది ఇక్కడే. బయట స్కాన్ చేయించుకుని, రిపోర్టులో బ్లైటెడ్ ఓవమ్, అంటే పిండం లేని ఖాళీ శాక్, అని రాయించుకుని, క్లీనింగ్‌కు రేపే రమ్మన్నారు మేడమ్ అంటూ ఏడుస్తూ వచ్చినవాళ్లలో, పది రోజులాగి చూస్తే గుండె చక్కగా కొట్టుకుంటున్న పిండాన్ని నేను ఒకసారి కాదు, చాలాసార్లు చూశాను. ఒకప్పుడు శాక్ 16 మిల్లీమీటర్లు దాటినా పిండం లేకపోతే, పిండం 5 మిల్లీమీటర్లు దాటినా గుండె కొట్టుకోకపోతే గర్భం పోయినట్టే అనేవాళ్లు. మనిషి చేత్తో కొలిచే కొలతలో ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఇట్టే వచ్చేస్తుంది కాబట్టి 2012లో అమెరికా రేడియాలజిస్టులు, గైనకాలజిస్టులు కూర్చుని ఆ అంకెలు పెంచారు. శాక్ 25 మిల్లీమీటర్లు, పిండం 7 మిల్లీమీటర్లు. అది 2013లో అచ్చయింది, ఇప్పుడు మేమూ దాన్నే పాటిస్తున్నాం. ఆ కొలతలకు ముందు ఏ రిపోర్టు ఏం రాసినా, నొప్పి, ఎక్కువ రక్తం లాంటి అత్యవసరం లేకపోతే, ఆగి మళ్లీ చూడాల్సిందే. ఏడు రోజులో, పధ్నాలుగు రోజులో. ఆ రోజులు ఇంటిల్లిపాదికీ నరకంలా ఉంటాయని తెలుసు. అయినా ఆగాలి.

పదకొండు రోజుల తర్వాత, మంగళవారం, రెండో స్కాన్. సరిచేసిన లెక్కలో ఏడు వారాల రెండు రోజులు. పిండం 11 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉండాలి, గుండె నిమిషానికి 120 పైనే కొట్టుకోవాలి. పిండం కనబడింది. 4.6 మిల్లీమీటర్లు. గుండె 88. యోక్ శాక్ 7.5 మిల్లీమీటర్లకు ఉబ్బి ఉంది, మామూలుగా 6 దాటదు.

గుండె కొట్టుకుంటోందమ్మా అనగానే ఆమె కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. మిగతా మాట చెప్పడానికి నోరు రాలేదు, కానీ చెప్పాలి. కొట్టుకుంటోంది, కానీ నెమ్మదిగా ఉంది, ఎదుగుదల ఎనిమిది రోజులు వెనకబడింది, నిలవకపోయే అవకాశమే ఎక్కువగా కనబడుతోంది, వచ్చే బుధవారం మళ్లీ చూద్దాం అన్నాను. ఇలాంటప్పుడు అంతా బాగానే ఉందని పంపేయడం తేలిక. తర్వాతి వారం ఆమె ఏ సిద్ధపాటూ లేకుండా అదే మంచం మీద పడుకుని వినాల్సి వస్తుంది కాబట్టి నేను అలా పంపను.

నిలబెట్టే ఇంజక్షన్ ఏమైనా ఉంటే వేయండి మేడమ్, ఎంతైనా ఫర్వాలేదు అన్నాడు భర్త. గర్భానికి అండగా ఉండే హార్మోన్ ప్రొజెస్టరాన్ గురించి అడుగుతున్నాడు. బ్రిటన్‌లో 4,153 మంది మీద చేసిన ప్రిజమ్ అధ్యయనం 2019లో వచ్చింది, గర్భం మొదట్లో రక్తం కనబడిన వాళ్లందరినీ కలిపి చూస్తే ఆ మందు వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇంతకుముందు గర్భస్రావాలు అయి, ఇప్పుడు మళ్లీ రక్తం కనబడుతున్న వాళ్లకు మాత్రం మేలు కనబడింది. ఈమెకు ఆ చరిత్ర లేదు, అప్పటికి రక్తమూ లేదు. పైగా ఎదుగుదలే కుంటుపడిన పిండాన్ని ఏ ఇంజక్షనూ మళ్లీ దారిలో పెట్టలేదు. కాళ్లు ఎత్తుగా పెట్టి పడుకోబెట్టినా అంతే, బెడ్ రెస్ట్ గర్భాన్ని నిలబెడుతుందని ఇంతవరకూ ఎవరూ చూపించలేదు. మందు రాయలేదు. ఏం కనబడినా ఫోన్ చెయ్యమని నా నంబరు రాసిచ్చాను.

శనివారం సాయంత్రం ఫోన్ చేసింది. మర్నాడు వాళ్ల బస్తీలో బోనాలు. వెనకాల పిల్లల అల్లరి, గిన్నెల చప్పుడు, ఎవరో పెద్దగా పిలవడం వినబడుతోంది. నిన్నటి నుంచి వేవిళ్లు తగ్గాయి మేడమ్, అన్నం తినగలుగుతున్నా, అంది. నొప్పి ఉందా అంటే లేదంది. బ్లీడింగ్ ఉందా అన్నాను. ఒక్క క్షణం ఆగి, లేదు మేడమ్ అంది. సరే, బుధవారం రా, ఈలోగా నొప్పి గానీ బ్లీడింగ్ గానీ మొదలైతే వెంటనే రా, అని పెట్టేశాను.

బుధవారం వచ్చినప్పుడు బ్యాగులోంచి న్యూస్‌పేపర్లో మడిచిన పొట్లం తీసి టేబుల్ మీద పెట్టింది. విప్పి చూస్తే ప్యాడ్. మధ్యలో అరచేతిలో సగం ఉండే మరక, అచ్చంగా కాఫీ డికాక్షన్ ఒలికి ఆరినట్టు, అంచుల దగ్గర కాస్త ముదురుగా, ఎరుపు అన్నది ఎక్కడా లేదు. ఎప్పటి నుంచి అని అడిగాను. శనివారం పొద్దున్నుంచి మేడమ్ అంది. మరి ఫోన్లో లేదన్నావు కదమ్మా? ఇది బ్లీడింగ్ కాదు కదా మేడమ్, మట్టి రంగులో మరకే కదా, అయినా హాల్లో అందరూ ఉన్నారు, మా మరిది పక్కనే నిలబడ్డాడు, ఏం చెప్పను?

తప్పు నాది. ఇరవై ఏళ్ల ప్రాక్టీసులో ఆ ప్రశ్న కొన్ని వేలసార్లు అడిగి ఉంటాను, ఎదుటి మనిషి చెవిలో అది ఏ అర్థంతో పడుతోందో ఆగి ఆలోచించలేదు. మన ఇళ్లలో బ్లీడింగ్ అంటే ముట్టులా ఎర్రగా, ధారగా అయ్యేది. గోధుమ రంగు మరక, నల్లటి చుక్కలు, తెల్లబట్టలో కలిసిన గులాబీ రంగు, బాత్రూంకి వెళ్లినప్పుడు తుడుచుకుంటే కనబడే చిన్న గీత, వీటిలో ఏదీ ఆ మాట కిందికి రాదు. డాక్టరుకు మాత్రం అవన్నీ రక్తమే. ఆ మరక కొంచెం పాతబడి మెల్లగా బయటికి వచ్చిన రక్తం, అంతే. ఇప్పుడు ఫోన్ ఎత్తగానే ముందు, నువ్వు మాట్లాడేందుకు వీలుందామ్మా, పక్కన ఎవరైనా ఉన్నారా అని అడుగుతున్నాను. ఉంటే గదిలోకి వెళ్లి చెయ్యమంటాను, లేదా నేను అడుగుతా, నువ్వు ఊ కొట్టు చాలంటాను. తర్వాత, బట్టకు ఏమైనా అంటిందా, ఏ రంగు, రూపాయి బిళ్లంతా అరచేయంతా, పొద్దున్నుంచి ఎన్ని ప్యాడ్లు మార్చావు. మా నర్సులకూ ఇలాగే అడగమని చెప్పాను.

శనివారమే తెలిసి ఉంటే ఈమె గర్భం నిలిచేదా అంటే, లేదు, నిలిచేది కాదు. కానీ నాలుగు రోజులు ఆ మరకను ఒక్కతే చూసుకుంటూ, చుట్టాలకు వడ్డిస్తూ, ఎవరికీ చెప్పకుండా తిరిగింది. అది నేను తప్పించగలిగేదాన్ని.

ఇంకో మనిషి విషయంలో అయితే ఈ తప్పు ప్రాణం మీదికి వచ్చేది. కొన్నేళ్ల కిందట బాలానగర్ వైపు నుంచి ఒకామె వచ్చింది, నెల తప్పి ఆరు వారాలు, స్కాన్ ఇంకా చేయించుకోలేదు, మూడు రోజులుగా ఇలాంటి మరకే, బ్లీడింగ్ లేదు కదా అని ఊరుకుంది. ఒక పక్క పొత్తికడుపులో నొప్పి వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగింది. తర్వాత కుడి భుజం మీద పోటు మొదలైంది, పడుకుంటే ఇంకా ఎక్కువవుతోంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. నా దగ్గరికి వచ్చేసరికి బీపీ 80, నాడి 130, పెదాలు సున్నం కొట్టినట్టు. గర్భం సంచిలో కాకుండా, అండం సంచిలోకి వచ్చే దారి అయిన ట్యూబులో పెరిగి పగిలింది, కడుపు నిండా రక్తం, ఆ రక్తం పైదాకా చేరి లోపలి పొరను రాపిడి చేస్తే నొప్పి భుజంలో తెలుస్తుంది. ఆపరేషన్ చేసి ట్యూబు తీసేశాం, ఆమె బతికింది. నూటికి ఒకటి రెండు గర్భాలు ఇలా సంచి బయట నిలుస్తాయి, వాటిలో నూటికి తొంభైకి పైగా ట్యూబులోనే. మొదట్లో కనబడే గుర్తు తరచుగా ఆ కాస్త మరకే. అందుకే గర్భం ఎక్కడ నిలిచిందో స్కాన్‌లో ఒకసారి కూడా చూడనంతవరకు ఏ మరకనూ చిన్నదని వదిలేయకూడదు.

మూడో స్కాన్‌కు వస్తాను. పిండం 7.4 మిల్లీమీటర్లు. గుండె దగ్గర కర్సర్ పెట్టాను, ఎప్పుడూ చిన్న చిన్న అలల్లా వచ్చే గీత చదునుగా సాగిపోయింది. నిమిషం చూశాను, కోణం మార్చి ఇంకో నిమిషం చూశాను. ఆమె స్క్రీన్ వైపు చూడటం లేదు, నా మొహం చూస్తోంది. ఇంకో డాక్టరును పిలిచి చూపించాను, ఈ మాట ఎప్పుడూ ఇద్దరు చూశాకే చెప్పాలన్నది మా పద్ధతి. ముందు చూసిన గుండె ఇప్పుడు ఆగిపోయింది, కొలత కూడా 7 దాటింది, ఇక వేచి చూసేందుకు ఏమీ మిగల్లేదు. గుండె ఆగిపోయిందమ్మా అని చెప్పాను. సారీ, అనుకోకుండా, దురదృష్టవశాత్తు లాంటి మాటలు ముందు పెట్టి సాగదీయకుండా ఆ ఒక్క వాక్యమే చెప్పి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. నాకు శుక్రవారమే తెలిసింది మేడమ్, అంది. వేవిళ్లు ఆగిపోయాయి, రొమ్ముల్లో సలుపు పోయింది, బరువు దిగిపోయినట్టు అనిపించింది.

ఈ మాట విని వేవిళ్లు తగ్గిన ప్రతి ఒక్కరూ భయపడకండి. వేవిళ్లు ఒక రోజు ఉండి ఒక రోజు లేకుండా పోవడం మామూలే, మూడో నెల దాటుతుంటే చాలామందికి వాటంతట అవే తగ్గుతాయి, అసలు వేవిళ్లే లేకుండా పండంటి బిడ్డల్ని కన్నవాళ్లు ఎందరో. మరక కూడా అంతే, మొదటి మూడు నెలల్లో ప్రతి నలుగురిలో ఒకరికి ఎంతోకొంత రక్తం కనబడుతుంది, వాళ్లలో సగం మందికి పైగా గర్భం బాగానే సాగుతుంది. ఏ ఒక్క గుర్తూ దానంతటది తీర్పు చెప్పదు. కానీ ఏడెనిమిది వారాల దగ్గర ఉన్న లక్షణాలన్నీ ఒక్కసారిగా మాయమై, దాని వెంట మరకో, నడుములోంచి పొత్తికడుపులోకి దిగే ముట్టు నొప్పి లాంటిదో వస్తే, మర్నాడు పొద్దున కల్లా చూపించుకోవాలి. ఎర్రగా, గడ్డలుగా పడుతూ గంటకు రెండు ప్యాడ్లు తడిసి అలా రెండు గంటలు సాగితే, కళ్లు తిరిగితే, భుజంలో పోటు వస్తే, జ్వరం వచ్చి దుర్వాసన ఉంటే మర్నాటి దాకా కూడా ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యండి.

బయట అత్తగారు కూర్చుని ఉంది. లోపలికి పిలిచాం. ఆమె కోడలి తల మీద చెయ్యి వేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా వైపు తిరిగి, నేనే వద్దన్న మేడం, కడుపుతోని ఉన్నవు బిడ్డా, ఈసారి బోనం ఎత్తకు అన్న, గందుకే అయిందా, అని అడిగింది.

ఇన్నేళ్లలో ఎన్నో కారణాలు విన్నాను, షేర్ ఆటో కుదుపులు, బొప్పాయి ముక్క, నువ్వుల ఉండ, మేడ మీదికి మోసిన నీళ్ల బిందె, గ్రహణం, దిష్టి. ఇది మాత్రం మొదటిసారి విన్నాను, ఆ మనిషి ఆదివారం నుంచి ఆ బరువును లోపల మోస్తోందని అర్థమైంది. రెండు స్కాన్ కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించాను. అమ్మా, బోనాలు ఆదివారం. ఈ కాగితం అంతకు ముందు మంగళవారానిది, అప్పటికే బిడ్డ ఎదుగుదల ఎనిమిది రోజులు వెనకబడి ఉంది, గుండె నెమ్మదించింది. ఎత్తినా ఎత్తకపోయినా ఇంతే అయ్యేది. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగానికి కారణం క్రోమోజోముల లెక్క తప్పడం, విత్తనం మొలకెత్తేటప్పుడే లోపం వస్తుంది, దానికి ఎవరు ఏం తిన్నా, ఏ బస్సెక్కినా సంబంధం లేదు. కాగితం మీది తేదీని వేలితో తడిమి చూసింది. మంగళారమేనా, అంది. మంగళవారమే.

తర్వాత ఏం చేయాలన్నది ఆమె చేతిలోనే పెట్టాను. దానంతటది పడిపోయే దాకా ఆగొచ్చు, మాత్రలతో త్వరపెట్టొచ్చు, లేదా మత్తు ఇచ్చి సక్షన్‌తో, అంటే గొట్టంతో పీల్చి, తీసేయొచ్చు; గీకి తీసే పాత డి అండ్ సి కంటే సక్షన్ సురక్షితం, ఎవరైనా క్లీనింగ్ అంటే ఏ పద్ధతిలో చేస్తారని అడగడం మీ హక్కు. ఆమె మాత్రలు ఎంచుకుంది. గురువారం మిఫెప్రిస్టోన్, శనివారం పొద్దున ఆస్పత్రిలో ఉంచుకుని మిసోప్రోస్టాల్. డోసులు ఇక్కడ రాయడం లేదు, ఇవి మెడికల్ షాపులో అడిగి కొనుక్కుని ఇంట్లో వేసుకునే మాత్రలు కావు, గర్భం ట్యూబులో ఉంటే వాటి వల్ల ఏ ఉపయోగమూ లేదు, ప్రమాదం మాత్రం దాగి ఉండిపోతుంది. నొప్పి బాగా వస్తుందని ముందే చెప్పాను, కొద్దిగా వస్తుందని అబద్ధం చెప్తే నొప్పి మొదలయ్యాక ఆమెకు నా మాట మీద నమ్మకం ఉండదు. మధ్యాహ్నం రెండింటికి పడిపోయింది. ఏం బయటికి వచ్చిందో చూస్తానంది, చూపించాం.

అదే సాయంత్రం యాంటీ-డి ఇచ్చాం. దాచిన ఆ డిశ్చార్జి కాగితం విలువ ఇక్కడే. మన దేశంలో నెగటివ్ గ్రూప్ వాళ్లు వందకు ఐదుగురి లోపే ఉండొచ్చు, కానీ తల్లి నెగటివ్, బిడ్డ పాజిటివ్ అయినప్పుడు బిడ్డ రక్తం తల్లి రక్తంలో కలిస్తే తల్లి ఒంట్లో దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారవుతాయి, అవి తర్వాతి బిడ్డ మీద దాడి చేస్తాయి. 72 గంటల్లోపు ఇంజక్షన్ పడితే దాన్ని ఆపొచ్చు. 12 వారాల లోపు పోయిన గర్భాలకు ఇది ఎంత అవసరం అన్నదాని మీద అన్ని దేశాల మార్గదర్శకాలూ ఒకేలా లేవు, మేము మాత్రం ఇస్తున్నాం. మొదటి కాన్పులో పడిందన్న రుజువు లేకపోతే ఈసారి లెక్క వేరేగా ఉండేది. మీ బ్లడ్ గ్రూప్ తెలియకపోతే ఈ వారంలోనే తెలుసుకోండి.

సెలవు దగ్గర ఇంకో గొడవ. డెలివరీ కాలేదు కదా, మెటర్నిటీ లీవ్ ఎలా ఇస్తాం, సోమవారం వచ్చెయ్ అన్నారట ఆఫీసులో. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం నుంచీ గర్భస్రావం అయిన ఆడవాళ్లకు ఆరు వారాల జీతంతో కూడిన సెలవు ఉంది, డాక్టరు సర్టిఫికెట్ చూపిస్తే చాలు. చాలామంది ఆడవాళ్లకే ఈ సంగతి తెలియదు, సిక్ లీవులు వాడేసుకుని ప్యాడ్ పెట్టుకునే డ్యూటీకి వెళ్లిపోతారు. సర్టిఫికెట్‌లో గర్భస్రావం అని స్పష్టంగా రాసి, తేదీ వేసి ఇచ్చాను. రెండు రోజులు అటూ ఇటూ తిప్పి చివరికి మంజూరు చేశారు.

మూడు వారాలకు అత్తాకోడళ్లిద్దరూ కలిసి వచ్చారు. రక్తం తొమ్మిదో రోజున ఆగిపోయింది. యూరిన్ స్ట్రిప్ నెగటివ్, స్కాన్‌లో గర్భసంచి శుభ్రంగా ఉంది. హిమోగ్లోబిన్ 9.8కి దిగింది, ఐరన్ మాత్రలు రాశాను. ఒక్కసారి పోయినంత మాత్రాన పెద్ద పెద్ద పరీక్షలు అక్కర్లేదు, వరుసగా రెండు పోతే అప్పుడు చూస్తాం. మళ్లీ ఎప్పుడు ప్రయత్నించొచ్చు అని అడిగింది. ఒక నెలసరి చూసుకో, వారాల లెక్క తేలిగ్గా ఉంటుంది, ఆ తర్వాత నీ మనసు ఎప్పుడు సరే అంటే అప్పుడు, అప్పటిదాకా ఫోలిక్ యాసిడ్ మానొద్దు అన్నాను. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని, బాబు తమ్ముడెప్పుడొస్తాడని అడుగుతున్నాడని చెప్పి కొంచెం ఏడ్చింది. నెల తర్వాత మళ్లీ రమ్మన్నాను, ఈసారి పరీక్షలకు కాదు, ఊరికే మాట్లాడటానికి. అప్పటికీ నిద్ర రాకపోతే కౌన్సెలర్ దగ్గరికి పంపుతాను.

వెళ్తూ వెళ్తూ అత్తగారు తలుపు దగ్గర ఆగింది. పోచమ్మకు ఒక బోనం బాకీ ఉన్నది మేడం, శ్రావణంల కోడలు ఎత్తుతానంటుంది, ఎత్తొచ్చా? రక్తం ఆగి పది రోజులు దాటింది, ఎత్తొచ్చన్నాను.